ఆల్మనర్ ఇంటికొస్తే పరామర్శా, వాకబా?

సందేహం: లండన్ ఆసుపత్రుల చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఆ రోజుల్లో రోగులు వైద్యానికి డబ్బు కట్టుకోగలరో లేదో ఆల్మనర్లు అనే ఆసుపత్రి ఉద్యోగులు ఇళ్లకు వెళ్లి చూసేవారట. ‘ఆల్మనర్లు రోగులను పరామర్శించి స్తోమత పరీక్ష చేసేవారు’ అని రాశాను. పరామర్శ ఇక్కడ పొసగదని మిత్రుడు అంటున్నారు. నిఘంటువులో దానికి విచారణ అనే అర్థం ఉంది కదా! ఆల్మనర్‌ను ‘దానాధికారి’ అనవచ్చా?

సమాధానం: నిఘంటువు మీ పక్షాన, వాడుక మీ మిత్రుడి పక్షాన ఉన్నాయి. సంస్కృతంలో పరామర్శ అంటే ఆలోచించి తేల్చుకోవడం. కొండ మీద పొగ చూసి నిప్పు ఉందని నిర్ణయించే ముందు మనసులో కలిగే జ్ఞానాన్ని తర్కశాస్త్రం పరామర్శ అంటుంది. తెలుగులో ఆ అర్థం పండితుల దగ్గరే ఉండిపోయింది. మన ఇళ్లలో పరామర్శ అంటే కష్టంలో ఉన్నవాళ్లను చూసి ధైర్యం చెప్పి రావడం. వెళ్లినవాళ్లు నాలుగు పళ్లు చేతిలో పెడతారు గాని, ఇంటద్దె ఎంత కడుతున్నారని అడగరు.

పేదలకు అందే దానధర్మాలను ఒక పద్ధతిలో పెట్టడానికి లండన్‌లో 1869లో ఏర్పడిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ వాళ్లు అడిగింది అదే. వారానికి కూలి ఎంత, అద్దె ఎంత, తినే నోళ్లు ఎన్ని అని ఇంటికి వెళ్లి అడిగేవారు. చెప్పింది నిజమేనా అని పని ఇచ్చినవాళ్లను, ఇంటి యజమానిని కూడా కనుక్కునేవారు. దీనికి మనకు పుట్టుకతో ఉర్దూదే అయినా ఎప్పుడో సొంతమైపోయిన మాట ఉంది, వాకబు. పెళ్లి సంబంధం వస్తే పిల్లవాడి ఊళ్లో నలుగురినీ అడిగి తెలుసుకుంటాం చూడండి, అదీ వాకబు. ‘ఆరా తీయడం’లో కొంచెం అనుమానం తొంగిచూస్తుంది. ‘విచారణ’ అంటే ఇప్పుడు పోలీసులు, కోర్టులు గుర్తొస్తున్నాయి. జబ్బుపడ్డ మనిషిని ముద్దాయిని చేయవద్దు.

దానాధికారి నాకు నచ్చలేదు. రాజుల కొలువుల్లో, మఠాల్లో భిక్ష పంచే పాతకాలపు ఆల్మనర్‌కైతే సరిపోయేది. ఆసుపత్రి ఆల్మనర్ పని వేరు. 1828లో మొదలైన రాయల్ ఫ్రీ ఆసుపత్రి సిఫారసు ఉత్తరం అడగకుండా పేదలను చూసేది. మన మాటల్లో అసలైన ధర్మాసుపత్రి. అక్కడ 1895లో మేరీ స్టీవర్ట్ మొదటి లేడీ ఆల్మనర్‌గా చేరారు. మొదట జీతం ఇచ్చింది పైన చెప్పిన సొసైటీయే. కట్టుకోగలిగినవాళ్లు ఉచిత వైద్యం పొందకుండా చూడడం, చందా కట్టగలిగినవాళ్లను, ముందుగా చందా కట్టి జబ్బు చేసినప్పుడు వైద్యం పొందే డిస్పెన్సరీలకు, బొత్తిగా దిక్కులేనివాళ్లను పేదల చట్టం కింద అందే సర్కారు సాయానికి పంపడం ఆమె బాధ్యతలు. దానం చేయడం కాదు, ఎవరికి అందాలో తేల్చడం. అందుకని ‘ఆల్మనర్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో పని వివరించండి.

‘స్తోమత పరీక్ష’లో స్తోమత బాగుంది. తాహతు కూడా అదే అర్థం, కాని ‘నీ తాహతెంత?’ అనడంలో చిన్నచూపు చేరింది. చిక్కంతా పరీక్షతోనే. ఆసుపత్రి కథలో ఆ మాట కనబడితే రక్తపరీక్ష లాంటిదేదో అనుకుంటారు. ‘స్తోమత పరిశీలన’ అనండి. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు ఈ పరిశీలన ‘తెల్లకార్డు ఉందా?’ అనే ఒక్క ప్రశ్నలో ఇమిడిపోయింది.

మీ వాక్యం ఇలా మార్చండి: ‘ఆల్మనర్లు రోగుల ఇంటి పరిస్థితులు వాకబు చేసి, వారి స్తోమత తేల్చేవారు.’

అయితే పరామర్శను పూర్తిగా కొట్టివేయకండి. రోగి ఇంటికి తిరిగి వెళ్లాక తిండి ఎలా, పిల్లలను ఎవరు చూస్తారు అన్న చింత కూడా క్రమంగా ఆల్మనర్ల పనిలోకి వచ్చింది. 1948 జులైలో బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) మొదలై ఆసుపత్రి వైద్యం అందరికీ ఉచితం కావడంతో కూలి లెక్కలు అడిగే అవసరం తీరింది. 1960ల్లో పేరు కూడా వైద్య సామాజిక కార్యకర్తలుగా మారింది. మీ వ్యాసం అక్కడిదాకా వస్తే, ‘ఇంటికి వెళ్లి పరామర్శించేవారు’ అని ఆ భాగంలో రాయండి. అక్కడ మీ మిత్రుడూ అభ్యంతరం చెప్పరు.