చదివింది హాల్లోకి వెళ్లగానే ఎందుకు గుర్తుకు రాదు?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. రాత్రి రెండింటి దాకా చదివి, ఐదున్నరకే లేస్తాను. టెస్టులో పేపరు చూడగానే గుండె దడ, తెలిసిన జవాబు కూడా తట్టదు. బయటికొచ్చాక మెట్లు దిగుతుంటే గుర్తొస్తుంది. నాకు జ్ఞాపకశక్తి తగ్గిపోతోందా?
- విద్యార్థిని, గుంటూరు

జవాబు: తగ్గలేదమ్మా. బయటికొచ్చాక గుర్తొచ్చిందంటే చదివింది నీ మెదడులో ఉన్నట్టే. కావలసిన సమయానికి దాన్ని పైకి తీయలేకపోయావు, అంతే.

కంగారు పడగానే అడ్రినలిన్ సెకన్లలో గుండె వేగం పెంచుతుంది. దాని వెనకే, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను బయల్దేరుతుంది. రక్తంలో అది పతాక స్థాయికి చేరడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అంటే గేటు దగ్గర "ఆ చాప్టర్ చదివావా?" అని ఒకరినొకరు అడుక్కుంటూ పడ్డ హడావుడి, పేపరు చేతికొచ్చే వేళకి అందుకుంటుంది. మెదడులో జ్ఞాపకాలను చూసుకునే హిప్పోక్యాంపస్ అనే భాగం మీద ఈ హార్మోను ప్రభావం చాలా ఎక్కువ. 2000లో జ్యూరిక్ పరిశోధకులు కొందరికి కొన్ని పదాలు నేర్పి, మర్నాడు వాటిని అడగడానికి గంట ముందు కార్టిసోన్ (ఒంట్లో కార్టిసాల్‌గా మారే మందు) మాత్ర ఇచ్చారు. గుర్తుచేసుకోవడం తగ్గింది. అదే మాత్రను నేర్చుకునే ముందు ఇచ్చినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. నీకు జరుగుతున్నదీ ఇలాంటిదే.

అసలు దెబ్బ మాత్రం నిద్ర దగ్గరుంది. పగలు చదివింది గాఢనిద్రలో మళ్లీ నెమరుకొచ్చి స్థిరపడుతుంది. ఆ నిద్ర రాత్రి మొదటి సగంలో ఎక్కువ. కలలొచ్చే రెమ్ నిద్ర చివరి భాగంలో ఎక్కువ. మూడున్నర గంటలు మాత్రమే పడుకుని లేస్తే ఆ చివరి భాగం దాదాపు మొత్తం పోతుంది. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొందరిని రెండు వారాలు రాత్రికి ఆరు గంటలు, అంతకన్నా తక్కువ నిద్రకి పరిమితం చేశారు. వాళ్ల ఏకాగ్రత, ఒకట్రెండు రాత్రులు అసలు పడుకోనివాళ్ల స్థాయికి దిగజారింది. అంత దిగజారిందని వాళ్లకే తెలియలేదు! "నాకు అలవాటైపోయింది" అనే మాటను అందుకే నమ్మకు.

నీ వయసుకి ఎనిమిది గంటలైనా కావాలి. లేచే సమయం మార్చకుండా, పడుకునే సమయాన్ని రెండు మూడు రోజులకోసారి అరగంట ముందుకి జరుపుతూ తొమ్మిదిన్నరకి తీసుకురా. ఒక్కసారిగా జరిపితే నిద్ర రాక మంచం మీద కంగారు మొదలవుతుంది. తాగిన కెఫీన్‌లో సగం కరగడానికే ఐదారు గంటలు పడుతుంది కాబట్టి కాఫీ, టీ మధ్యాహ్నం రెండుకి ఆపు. తగ్గిన గంటల్ని చదివే పద్ధతితో పూడ్చుకోవచ్చు: నాలుగోసారి చదవడం మానేసి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద టైమ్ పెట్టుకుని రాయి. రానివి మాత్రమే మళ్లీ చూడు. గుర్తు తెచ్చుకోవడం కూడా సాధనతోనే వస్తుంది.

పరీక్ష రోజు గుంపుకి దూరంగా కూర్చుని, నీ భయాలేమిటో పది నిమిషాలు కాగితం మీద పెట్టు. పరీక్ష భయం ఎక్కువున్నవాళ్లకి దీనివల్ల మార్కులు మెరుగయ్యాయని 2011లో షికాగో పరిశోధకులు చూపించారు. హాల్లో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదులు. రెండు నిమిషాలు చాలు. ముందు బాగా వచ్చిన ప్రశ్న రాయి.

అమ్మానాన్నలకి ఒక్క మాట: రెండింటి దాకా లైటు వెలుగుతోందని దయచేసి మురిసిపోకండి.

ప్రశ్న: నాకు 49. రోజూ మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, ఇక ఆలోచనలే. పేర్లు మర్చిపోతున్నాను. అల్జీమర్స్ అని భయం. మందుల షాపులో ఆల్‌ప్రజోలం ఇచ్చారు.
- గృహిణి, వరంగల్

జవాబు: రాత్రి రెండో సగంలో నిద్ర పలచబడుతుంది, కార్టిసాల్ కూడా తెల్లవారుజామున పెరగడం మొదలుపెడుతుంది. ఆ వేళ చిన్న చింత కూడా లేపి కూర్చోబెడుతుంది. నిద్ర చాలనప్పుడు పేరు విన్న క్షణంలోనే మనసు పెట్టం. అందనిది నిలవదు కదా!

గదిలో గడియారం కనబడనివ్వకండి. ఇరవై నిమిషాలైందనిపిస్తే లేచి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మంచమెక్కండి. ఎనిమిది గంటలు పడుకుని ఐదున్నరే నిద్రపోతుంటే, ఒక వారం మంచం మీద ఆరు గంటలే ఉండండి: పదకొండున్నర నుంచి ఐదున్నర. ఆ సమయంలో 85 శాతం నిద్ర పడుతుంటే పావుగంట కలపండి. ఐదు గంటల కన్నా తగ్గించకూడదు. మొదటి వారం మరీ అలసటగా ఉంటుంది. చాలామంది అక్కడే మానేస్తారు, మీరు మానకండి. ఫిట్స్, బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు విపరీతంగా మారే మానసిక జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ లేకుండా ఇది చేయొద్దు.

ఇక ఆల్‌ప్రజోలం, అంటే కంగారు తగ్గించి మత్తునిచ్చే ఆ మాత్ర, కొత్త జ్ఞాపకాలు ఏర్పడటాన్నే అడ్డుకుంటుంది, అలవాటవుతుంది కూడా. కొన్ని వారాలుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గుతుంటుంది. గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే స్లీప్ స్టడీ అవసరం. ఒంట్లో వేడి ఆవిర్లు, చెమటలతో మెలకువ వస్తుంటే గైనకాలజిస్టుకి చెప్పండి. తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగిందే అడగడం ఇంట్లోవాళ్లు గమనిస్తే అప్పుడు న్యూరాలజిస్టు. చింత ఆగకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: స్ట్రెస్ ఎంతుందో తెలుసుకోడానికి కార్టిసాల్ పరీక్ష చేయించుకోవాలా?
- ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: వద్దు. ఉదయం ఎనిమిదికి ఉండే అంకెకి, అర్ధరాత్రి అంకెకి పొంతనే ఉండదు. సూది భయానికి కూడా అది పెరుగుతుంది. నైట్ షిఫ్టుల్లో ఉంటే మరీ తారుమారు. ఆ పరీక్ష కార్టిసాల్ మరీ పెరిగే కుషింగ్స్, మరీ తగ్గే ఆడిసన్స్ లాంటి జబ్బుల కోసం. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలు వచ్చినా, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినా ఎండోక్రైనాలజిస్టుని (హార్మోన్ల డాక్టర్‌ని) కలవండి. ఏ పరీక్ష, ఏ వేళకి చేయాలో ఆయన రాసిస్తారు.