కుక్క వైద్యం బిల్లు ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గించొచ్చు?

ప్రశ్న: మాది ఉప్పల్. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 62 వేలు వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 21,500. మా ల్యాబ్రడార్ స్వీటీకి మూడేళ్లు. ఆడది, 32 కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఇంకా చేయించలేదు. నిరుడు గోమార్లు (టిక్స్) కుడితే వచ్చే టిక్ ఫీవర్ వచ్చి రెండు విడతల్లో 23,400 అయింది. కార్డు మీద కట్టి ఈఎంఐగా మార్చుకున్నాం, ఇంకా 11 వేలు బాకీ. అది కాక ఏడాదికి టీకాలు 2,600, దురదలకు నాలుగుసార్లు చూపిస్తే 7,200, గ్రూమింగ్‌కు నెలకు 800, తిండికి నెలకు 3,200. గోమార్లకు వేసే మాత్ర 1,900 అని మానేసి పౌడర్ చల్లుతున్నాం. ఆపరేషన్‌కు ఒకచోట 9 వేలు, ఇంకోచోట 14 వేలు అన్నారు. ఇప్పుడు చూస్తున్న డాక్టర్ ఫీజు 600. మా వీధిలో పెట్ షాపు పక్కన 200కే చూసే ఆయన ఉన్నారు, మారమంటారా? ఏడాదికి 6,200 ప్రీమియంతో 50 వేల ఇన్సూరెన్స్ తీసుకోమని కూడా ఒకరు చెబుతున్నారు. నెలకు మూడు వేలకు మించి పక్కన పెట్టలేం. నవంబరులో 30 వేలు బోనస్ వస్తుంది. బిల్లులు, చీటీలు, ఇన్సూరెన్స్ బ్రోచర్ పంపుతున్నాను.

జవాబు: అన్నీ కూడితే స్వీటీ మీద ఏడాదికి 81,200 ఖర్చయింది. అందులో వైద్యం 33,200. మీ బిల్లుల్లో డాక్టర్ ఫీజు కట్టింది తొమ్మిదిసార్లు. 600 బదులు 200 అయితే మిగిలేది 3,600. ఆ డబ్బు కోసం డాక్టర్‌ను మార్చేముందు 23,400 ఎలా అయిందో చూద్దాం. అసలు సంగతి అక్కడుంది.

మొదటి విడత 9,100. రక్తపరీక్ష, ర్యాపిడ్ కిట్ రెండూ చేశారు, టిక్ ఫీవర్ తెచ్చే సూక్ష్మజీవి ఎర్లీకియా పాజిటివ్ అని తేలింది. చీటీలో డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు మూడు చొప్పున 28 రోజులు రాశారు. అంటే 84 క్యాప్సూల్స్ కొనాలి. మీ మందుల షాపు బిల్లులో ఉన్నవి 36. పన్నెండు రోజులకే మందు ఆగిపోయింది. ఇది చాలా ఇళ్లలో జరిగేదే. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది, కుక్క మళ్లీ గిన్నె నాకుతుంది, ఇక మందెందుకని ఆపేస్తారు. రక్తకణాల్లో దాగిన ఎర్లీకియా పూర్తిగా పోవాలంటే ఆ నాలుగు వారాలూ పడుతుంది. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఇంకో మాట: ఈ క్యాప్సూల్‌ను పాలలోనో పెరుగన్నంలోనో కలిపి పెడితే ఒంటికి సరిగా పట్టదు. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది. మామూలు తిండితో పెట్టి, పైన నీళ్లు తాగించండి.

రెండో విడత 14,300. ఫీజు మూడుసార్లు 1,800, బ్లడ్ కౌంట్ రెండుసార్లు 1,400, ర్యాపిడ్ కిట్ మళ్లీ 2,200, లివర్-కిడ్నీ పరీక్ష 1,800, మూడు రోజుల సెలైన్ 4,200, మందులు 2,900. బ్లడ్ కౌంట్ రెండుసార్లు చేయడం సబబే, ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయో లేదో దాన్ని బట్టే తెలుస్తుంది. ర్యాపిడ్ కిట్ మాత్రం దండగ ఖర్చు. అది చూసేది యాంటీబాడీలను, అంటే జబ్బుతో పోరాడటానికి ఒంట్లో తయారయ్యేవాటిని. ఒకసారి జబ్బు చేసిన కుక్కకు తగ్గిన తర్వాత కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. ఆ 2,200తో కొత్తగా తెలిసిందేమీ లేదు. అదే టిక్ ఫీవర్‌లో ఇంకో రకమైన బెబీసియా ఉందేమో చూడటానికి స్లయిడ్ పరీక్షో, పీసీఆరో చేయించి ఉంటే ఉపయోగం ఉండేది. బెబీసియాకు మందులు వేరు. సెలైన్ విషయం నేను చెప్పలేను. కుక్క తిని నీళ్లు తాగుతుంటే మూడు రోజులు ఎందుకని అడగొచ్చు, వాంతులవుతుంటే అవసరమే.

డాక్టర్ దగ్గర అడగాల్సిన ప్రశ్న ఇలాంటిదే: ఈ పరీక్షలో ఏదొచ్చినా మందు మారుతుందా? మారదంటే వద్దనండి. మంచి డాక్టర్ ఈ మాటకు నొచ్చుకోరు. ఇవాళే చేయాలా, రెండు రోజులు చూడొచ్చా అని కూడా అడగండి. మా చేతిలో ఇంతే ఉంది, ఇందులో ముందు ఏది చేయాలని సూటిగా చెప్పడానికి మొహమాటపడకండి. జంతువులను అడ్మిట్ చేసే చోట ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకుని, ఫలానా మొత్తం దాటేముందు మాకు ఫోన్ చేయండని దాని మీదే రాయించండి.

ఇక 200 ఫీజాయన. ముందు ఆయన డాక్టరో కాదో చూడండి. పశువైద్యుడంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్ చదివి, రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం చెప్పేది ఇదే. రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీదో బోర్డు మీదో ఉంటుంది, లేకపోతే అడగండి. పెట్ షాపుల పక్కన చూసేవాళ్లలో ఏళ్ల తరబడి కంపౌండర్‌గా పనిచేసి చెయ్యి తిరిగినవాళ్లుంటారు. సూది బాగానే వేస్తారు కానీ జబ్బు కనిపెట్టడం వేరే విద్య. టీకా అక్కడ వేయిస్తే ఇంకో చిక్కు. టీకా వయల్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఉన్నది వేస్తే డబ్బు పోతుంది, రక్షణా ఉండదు. వయల్ మీది స్టిక్కర్ కార్డులో అంటించి, పక్కన డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటేనే దాన్ని టీకా కింద లెక్కేయండి.

ఆయన నిజంగా డాక్టరే అయితే, చిన్న పనికి ఒకసారి వెళ్లి ఎలా చూస్తారో గమనించండి. తూకం వేశారా? థర్మామీటర్ పెట్టారా? చిగుళ్లు పైకెత్తి రంగు చూశారా, పొట్ట తడిమారా? మందు పేరు, మిల్లీగ్రాములతో చీటీ రాసిచ్చారా, లేక పేరు చెప్పకుండా రెండు సూదులు వేసి పొట్లంలో మాత్రలు కట్టిచ్చారా? ఈ రెండో రకం చవగ్గా కనిపిస్తుంది. తర్వాత ఇంకో ఆస్పత్రికి వెళ్తే, ఏం వేశారో తెలియక వాళ్లు అన్నీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఆ పరీక్షల ఖర్చు మళ్లీ మీదే. మీ ఇప్పటి డాక్టర్ చీటీలు స్పష్టంగా ఉన్నాయి, మందు ఎన్నాళ్లో రాశారు. నన్నడిగితే మారొద్దు.

ఆపరేషన్లు, ఎక్స్‌రేలు, స్కానింగులకు మాత్రం ప్రభుత్వ దారి చూడండి. మీకు నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల దగ్గర. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో విభాగానికో ప్రొఫెసర్ ఉంటారు, ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. ఏపీలో ఉన్నవాళ్లకు గన్నవరం, తిరుపతి, ప్రొద్దుటూరు, గరివిడి కాలేజీలున్నాయి. అయితే పొద్దున్నే వెళ్లాలి, సగం రోజు సెలవు పెట్టాలి. 32 కిలోల కుక్కను చూసి సగం మంది ఆటోవాళ్లు బండి ఆపరు, రానూపోనూ ముందే మాట్లాడుకోండి. రేబిస్ టీకాను ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, పశుసంవర్ధక శాఖ ఉచితంగా వేస్తుంది. అప్పటికి గడువు సరిపోతే అక్కడే వేయించండి.

మిగతా టీకాల్లోనూ ఒక ప్రశ్న ఉంది. డిస్టెంపర్, పార్వో లాంటివి చిన్నప్పటి కోర్సు, ఏడాది బూస్టర్ సరిగా పడితే, ఆ తర్వాత మూడేళ్లకోసారి చాలని అంతర్జాతీయ పశువైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. లెప్టో మాత్రం ఏటా వేయాలి, ఎలుకలు తిరిగే మన వీధుల్లో అది మానొద్దు. మీ కార్డు డాక్టర్‌కు చూపించి, ఈ ఏడు ఏవి తప్పనిసరో అడగండి. రేబిస్ ఏటా వేయించాల్సిందే.

గోమార్లకు పౌడర్ చల్లుతున్నామని రాశారు, మాత్ర 1,900 అని మానేశారట. 12 వారాలు పనిచేసే ఆ మాత్ర ఏడాదికి ఐదు పడినా 9,500. నిరుటి టిక్ ఫీవర్ బిల్లుతో దాదాపు రెండున్నరేళ్ల మాత్రలు వచ్చేవి. స్వీటీ బరువుకు 20-40 కిలోల ప్యాకే సరైనది. పెద్ద మాత్ర కొని ముక్కలు చేసి పంచే పద్ధతి వద్దు, మందు అన్ని ముక్కల్లో సమంగా ఉండదు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి. గోడ పగుళ్లలో, పరుపు కింద గోమార్లు గుడ్లు పెడతాయి. పగుళ్లు పూడ్పించి, పరుపు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. నాలుగుసార్లు చూపించిన దురదలకు కూడా గోమార్లో, ఫ్లీస్ అనే గెంతే పురుగులో కారణమై ఉండొచ్చు. మాత్ర మొదలుపెట్టాక దురద తగ్గిందో లేదో చూసి, అప్పుడే అలర్జీ పరీక్షల మాట ఆలోచించండి.

ఆ డబ్బెక్కడిది అంటారా? ల్యాబ్రడార్‌కు నెలనెలా పార్లర్ అక్కర్లేదు. వారానికి రెండుసార్లు ఇంట్లో దువ్వి, కుక్కల షాంపూతో నెలకోసారి స్నానం చేయిస్తే చాలు. గోళ్లకని ఏడాదికి నాలుగుసార్లు వెళ్లినా 6,400 మిగులుతుంది. మాత్రల ఖర్చులో మూడింట రెండొంతులు అదే.

ఆపరేషన్ ఇక వాయిదా వేయొద్దు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు ఎదకొచ్చి వెళ్లిన ఒకటి రెండు నెలల్లో గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది, దాన్నే పయోమెట్రా అంటారు. నీళ్లు విపరీతంగా తాగుతుంది, నీరసపడుతుంది, కొన్నింటికి కింద నుంచి చీము కారుతుంది. అప్పుడు రాత్రికి రాత్రే, జ్వరంలో ఉన్న కుక్కకే, అదే ఆపరేషన్ చేయాలి. ఖర్చు కొన్ని రెట్లు, ప్రాణాపాయం వేరే. మామూలు ఆపరేషన్‌కు ఎద అయిపోయిన రెండు మూడు నెలల తర్వాత సమయం మంచిది. ఒకచోట 9 వేలు, ఇంకోచోట 14 వేలు అన్నారని రాశారు. తొమ్మిది వేలలో ముందస్తు రక్తపరీక్ష, గ్యాస్ మత్తు, సెలైన్, నొప్పి సూదులు, మెడకు కట్టే కోన్, కుట్లు తీయడం ఉన్నాయా అని వరుసగా అడగండి. అన్నీ విడిగా వేస్తే అదీ 14 వేలకు చేరొచ్చు. ఆపరేషన్ అయ్యాక తిండి పావు వంతు తగ్గించాలి. స్వీటీ ఇప్పటికే బరువు మీదుంది. కిబుల్ (పొడి గుళికల తిండి) గిన్నె నింపి వదిలేయకుండా వంటింటి తూకం మీద కొలిచి పెట్టండి, మేరీ బిస్కెట్లు కూడా లెక్కలోకే వస్తాయి. తిండి ఖర్చు తగ్గేది ఇక్కడే, కీళ్ల నొప్పుల బిల్లు వాయిదా పడేదీ ఇక్కడే.

ఇన్సూరెన్స్. మీ బ్రోచర్ ప్రకారం అడ్మిషన్, ఆపరేషన్ ఖర్చులు ఇస్తారు, 20 శాతం మీరు భరించాలి, ఓపీకి ప్రీమియం అదనం. నిరుడు స్వీటీకి పగలు సెలైన్ పెట్టి సాయంత్రం ఇంటికి పంపారు. అడ్మిషనే లేదు కాబట్టి పాలసీ ఉన్నా ఆ 23,400లో మీకు ఏం వచ్చేదో అనుమానమే. ఇప్పుడు తీసుకుంటే టిక్ ఫీవర్‌ను పాత జబ్బుగా లెక్కేసే అవకాశం ఎక్కువ. టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సాధారణంగా కవర్ కావు. అందుకే ఈ ఏడాది వద్దంటాను. ఒక్క భాగం మాత్రం విడిగా దొరికితే ఆలోచించండి: కుక్క ఎవరినైనా కరిస్తే వచ్చే నష్టపరిహారానికి థర్డ్ పార్టీ కవర్. పిల్లలు తిరిగే అపార్ట్‌మెంటులో ఉంటే దానికి విలువుంది.

డబ్బు ఇలా సర్దండి. బోనస్‌లో ముందు 11 వేల కార్డు బాకీ తీర్చండి. ముందే తీర్చినందుకు వేసే ఛార్జీ, మిగిలిన వడ్డీ కంటే తక్కువో కాదో బ్యాంకును అడిగాకే. ఆపరేషన్‌కు 14 వేలు, మిగిలిన 5 వేలు స్వీటీ పేరు మీద అనుకుని వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. నెలనెలా మూడు వేలలో 1,200 మాత్రలు, టీకాలు, నులిపురుగుల మందుకు పోతుంది, 1,800 ఆ ఖాతాకు. ఇరవై నెలల్లో 41 వేలవుతుంది, అక్కడ ఆపొచ్చు. ఆర్‌డీ వద్దు, మధ్యలో తీస్తే వడ్డీ కోస్తారు. లిక్విడ్ ఫండ్ (ఒక రకం మ్యూచువల్ ఫండ్) పెట్టాలనిపిస్తే ఇన్‌స్టంట్ రిడెంప్షన్, అంటే వెంటనే డబ్బు తీసుకునే వీలు, ఉన్నది చూసుకోండి, రోజుకు 50 వేలు లేదా ఉన్నదాంట్లో 90 శాతం, ఏది తక్కువైతే అంత వెంటనే వస్తుంది. ఈ ఇరవై నెలల్లో పెద్ద బిల్లొస్తే కార్డు గీకకుండా, మీకు ఎఫ్‌డీ ఉంటే దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి.

ఆదాయపు పన్ను మినహాయింపు గురించి ఆశపడకండి, అందులో పెంపుడు జంతువుల వైద్యం రాదు. పశువైద్యశాల చేసే చికిత్సకు జీఎస్టీ లేదు. కాబట్టి ఫీజు మీద, ఆపరేషన్ మీద పన్ను వేసి ఉంటే బిల్లులో చూసి అడగండి. మందులు, తిండి, గ్రూమింగ్ వేరే లెక్క. డాక్సీసైక్లిన్ లాంటి మనుషుల మందు రాస్తే జనరిక్ పేరుతో చీటీ తీసుకుని జన ఔషధి షాపులో కొనండి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం ఇంట్లో ఉన్నాయి కదా అని వేయొద్దు, కుక్కకు విషమవుతాయి.

ఆ కొత్త ఖాతాకు యూపీఐ ఇవాళే పెట్టుకుని చిన్న మొత్తం పంపి చూడండి. కొత్తగా రిజిస్టర్ చేసిన మొదటి 24 గంటల్లో 5 వేలకు మించి పోదు. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే ఓకరించడం, చిగుళ్లు పాలిపోవడం, ఎండకు సొమ్మసిల్లడం, ఫిట్స్ లాంటివి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. మీ డాక్టర్ రాత్రి ఎక్కడికి పంపుతారో ఇప్పుడే అడిగి, ఆ నంబరు మీ ఇద్దరి ఫోన్లలోనూ సేవ్ చేసుకోండి.