విగ్రహాలు, ఊళ్ల పేర్లు మన చరిత్ర జ్ఞాపకాన్ని నిజంగా మారుస్తాయా?

మారుస్తాయండి, బాగానే మారుస్తాయి. స్కూల్లో చదివింది పరీక్ష అవ్వగానే మర్చిపోతాం గానీ రోజూ బస్సులోంచి కనపడే విగ్రహం, అడ్రస్‌లో రాసే పేరు మనకి తెలీకుండానే బుర్రలో ఉండిపోతాయి. అందుకే ఎవరిది పెట్టారు, ఎవరిది పెట్టలేదు అన్నదే అసలు గొడవ.

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ చూడండి. ఎన్టీఆర్ హయాంలో అక్కడ వరసగా తెలుగు ప్రముఖుల విగ్రహాలు పెట్టించారు, రుద్రమదేవి, రామదాసు, మఖ్దూం లాంటి వాళ్లు ఉన్నా కూడా నిజాం మీద పోరాడిన గోండు నాయకుడు కొమరం భీం లాంటి వాళ్లు ఏరి, మా ప్రాంతం వాళ్లకి చోటు తక్కువిచ్చారు అని తెలంగాణలో చాలామందికి బాధ ఉండేది, అది 2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ రోజు బయటపడి కొన్ని విగ్రహాలు పగలగొట్టారు. పగలగొట్టడం తప్పే అంటాను, కానీ ఆ బాధ మాత్రం నిజం. తర్వాత భీం విగ్రహం కూడా అక్కడికొచ్చింది, 2016లో ఆయన పేరుతో జిల్లానే వచ్చింది, ఇప్పుడు ఆసిఫాబాద్ పిల్లలు ఏ ఫారం నింపినా ఆయన పేరు రాయాల్సిందే.

అసెంబ్లీ దగ్గర గన్‌పార్క్ స్థూపం 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవాళ్ల కోసం కట్టింది. దగ్గరికెళ్లి చూడండి, కింద నల్లరాయి మీద తూటా గుర్తుల్లాంటివి చెక్కారు. దశాబ్దాల పాటు తెలంగాణ కోసం ఏ ధర్నా అయినా ముందు అక్కడ దండం పెట్టుకునే మొదలయ్యేది, 1969 తర్వాత పుట్టినవాళ్లకి కూడా అది సొంత జ్ఞాపకం అయ్యింది అలాగే.