మిస్డ్ కాల్‌కు తిరిగి ఫోన్ చేస్తే రూ.11,600 బిల్లు: కట్టక తప్పదా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. నిరుడు తనకు నెలలు నిండిన రోజుల్లో, అర్ధరాత్రి +1 876తో మొదలయ్యే నంబరు నుంచి మిస్డ్ కాల్స్ వచ్చాయి. ఆసుపత్రి నుంచేమోనని కంగారుపడి మూడుసార్లు తిరిగి ఫోన్ చేశాను. అవతల సంగీతమే వినిపిస్తుంటే, ఎవరైనా మాట్లాడతారేమోనని చాలాసేపు లైనులో ఉన్నాను. నాది నెలకు రూ.499 పోస్ట్‌పెయిడ్ కనెక్షన్, అమెరికా కాల్స్ ప్యాకు కూడా ఉంది. అయినా రూ.11,600 బిల్లు వేశారు. అది వచ్చి పదమూడు నెలలైంది, నేను కట్టలేదు. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఫలితం లేదు. పాత మెసేజ్‌లు తీసేశాను. వసూలు ఏజెంట్లు ఇంటికి వస్తున్నారు, నా భార్యకు నిద్ర ఉండటం లేదు. ‘ఆ కాల్స్ నేను చేయలేదు, ఫోన్ హ్యాక్ అయింది’ అని పోలీసులకు రాసివ్వమని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది చెప్పిన పని మాత్రం చేయకండి. ఆ కాల్స్ మీ నంబరు నుంచే వెళ్లాయని కంపెనీ దగ్గరున్న కాల్ రికార్డు ఒక్క పేజీలో తేల్చేస్తుంది. రేపు ఈ బిల్లు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే, అక్కడ ఫిర్యాదుతో పాటు అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇవ్వాలి. అందులో ఒక్క అబద్ధం బయటపడితే మీరు చెప్పే నిజాలను కూడా ఎవరూ నమ్మరు. పోలీసులకు తెలిసీ తప్పుడు సమాచారం ఇస్తే అది విడిగా నేరం కావచ్చు. మోసపోయి తిరిగి ఫోన్ చేశానని ఉన్నది ఉన్నట్టు రాయండి.

అమెరికా ప్యాకు ఉందన్న వాదన కూడా నిలవకపోవచ్చు. +1 అనే కోడ్‌ను అమెరికా, కెనడాలతో పాటు అనేక కరీబియన్ దేశాలు పంచుకుంటాయి. తర్వాతి మూడు అంకెలను బట్టి ఛార్జీ మారుతుంది. 876 జమైకాది, 868 ట్రినిడాడ్ టొబాగోది, 473 గ్రెనడాది. ప్యాకు షరతుల్లో ‘అమెరికా, కెనడా’ అని రాసి ఉంటే జమైకా అందులోకి రాదు.

మీరు ఇంత వివరంగా రాసిన ఉత్తరంలో లేని ఒక అంకె మీద ఈ కేసు ఆధారపడి ఉంది. మీ కనెక్షన్‌కు క్రెడిట్ పరిమితి, అంటే బిల్లు కట్టేలోపు అప్పుగా వాడుకోనిచ్చే గరిష్ఠ మొత్తం, ఎంత? పోస్ట్‌పెయిడ్ వినియోగదారుడికి ఆ పరిమితిని ముందే తెలియజేయాలని, వాడకం అందులో 80 శాతానికి చేరగానే హెచ్చరించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005 జూన్ 27న కంపెనీలను ఆదేశించింది. మీ పరిమితి రూ.2,000 అనుకుందాం. రూ.1,600 దగ్గరే మీకు మెసేజ్ రావాలి. అది రాకుండా మూడు కాల్స్‌నూ సాగనిచ్చి రూ.11,600 అడగడం సేవాలోపం అని వాదించవచ్చు. హెచ్చరిక పంపామని కంపెనీ అంటే ఆ రికార్డు చూపించమని పట్టుబట్టాలి. ఒకవేళ మీ పరిమితే రూ.15,000 అయితే మీ కేసు బాగా బలహీనపడుతుంది. అందుకే ఈరోజే పాత బిల్లులు తీసి చూడండి.

ఇక మీ నిర్లక్ష్యం సంగతి. పదమూడు నెలలు ఫోన్‌లో గొడవపడి ఒక్క ఫిర్యాదు నంబరైనా రాసిపెట్టుకోలేదా? హెచ్చరిక రాలేదని చెప్పాల్సిన మనిషి మెసేజ్‌లన్నీ చెరిపేస్తే ఎలా? వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల లోపు కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. కస్టమర్ కేర్‌తో ఎన్నిసార్లు మాట్లాడినా ఆ గడువు ఆగదు. కంపెనీలు కాల్ రికార్డులను కనీసం రెండేళ్లు భద్రపరచాలని 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధన మార్చారు. ఆ రెండేళ్లు కాల్ రోజు నుంచి లెక్క, బిల్లు రోజు నుంచి కాదు. అంటే మీ గడువు తీరకముందే సాక్ష్యం చెరిగిపోవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు నంబరు) తీసుకోండి. ఆ నెల కాల్స్ వివరాలున్న బిల్లు, మీ క్రెడిట్ పరిమితి, మీకు పంపిన హెచ్చరికల రికార్డు ఇవ్వమని, ఆ నెల రికార్డులను చెరపవద్దని అందులోనే కోరండి. వారి జవాబు నచ్చకపోతే ముప్పై రోజుల్లో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయండి. దీనికి రుసుము లేదు. వివాదం లేని నెలవారీ ఫోన్ అద్దె, దాని పన్ను మాత్రం కట్టి, మిగతాది ఎందుకు కట్టడం లేదో ఉత్తరంలో తెలపండి. సిమ్ పారేసి ఊరుకుంటే బకాయి పోదు.

ఏజెంట్లకు నగదు ఇవ్వకండి. వారు చూపించిన కాగితం మీద సంతకం చేయకండి, అది మీరు బాకీ ఒప్పుకున్నట్టవుతుంది. బిల్లు వివాదంలో ఉందని రాసిన ఉత్తరం నకలు వారి చేతికి ఇచ్చి పంపండి.

అప్పీలు అధికారి దగ్గరా తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, ఇంత మొత్తానికి రుసుము ఉండదు, న్యాయవాది తప్పనిసరి కాదు. టెలికాం వివాదాలు కమిషన్ పరిధిలోకి రావని కంపెనీ అభ్యంతరం లేవనెత్తితే, 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చిందని చెప్పండి. ఫిర్యాదుకు వివాద బిల్లుతో పాటు అంతకు ముందు ఆరు నెలల బిల్లులు, ప్యాకు షరతులు, డాకెట్ నంబరు ఉన్న జవాబు, మీ ఉత్తరాలకు అందిన రసీదులు జతచేయండి.