ఆలివ్ రిడ్లీ తాబేలుతో సొంత లోగో: బొమ్మ ఎంత వివరంగా ఉండాలి?

మీరు వైజాగ్‌లో ఫొటోగ్రాఫర్, మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలును లోగోగా పెట్టుకోవాలనుకుంటున్నారు, బొమ్మలో ఎంత వివరం ఉండాలన్నది మీ ప్రశ్న. వీలైనంత తక్కువ.

ముందు ఆ జంతువును ఇట్టే పట్టిచ్చే లక్షణం వెతకండి. ఆలివ్ రిడ్లీకి అది డిప్ప. పైనుంచి చూస్తే దాదాపు హృదయాకారంలో ఉంటుంది. తర్వాత తెడ్లలాంటి ముందు కాళ్లు. చాలామంది వీటి బదులు నేల తాబేలు పొట్టి కాళ్లు తగిలించి, తలను డిప్పలోకి ముడిచేస్తారు. సముద్రపు తాబేలు తలను అలా లోపలికి లాక్కోలేదు. ఆర్కే బీచ్‌లో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూసినవాళ్లు ఈ తేడా వెంటనే పట్టేస్తారు. డిప్ప మీది పలకలన్నీ గీయాలన్న ఆశ వదులుకోండి, వాట్సాప్ డీపీ సైజులో అవన్నీ అలుక్కుపోతాయి. (రిఫరెన్స్ కోసం రాత్రిపూట గుడ్లు పెట్టే తాబేలు మీద ఫ్లాష్ మాత్రం కొట్టకండి. బెదిరి వెనక్కి వెళ్లిపోవచ్చు.)

రంగు సంగతి ఆఖర్న. ముందు నలుపు తెలుపుల్లో బొమ్మ నిలబడాలి. వన్యప్రాణుల సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లోగోలో 1961లో మొదలైన పాండానే చూడండి. నలుపు తెలుపు జంతువు కావడంతో ముద్రణ ఖర్చు కలిసొచ్చింది. ఇప్పటి రూపంలో తల పైన, వీపు మీద అసలు గీతే లేదు, మన కన్నే పూరించుకుంటుంది. మీ తాబేలుకీ ఒకవైపు అంచు వదిలేసి చూడండి.

పేరులోని అక్షరాన్ని డిప్పలో ఇరికించడం నాకైతే నచ్చదు, పక్కన రాస్తే చాలు. ఫైల్ ఎస్‌వీజీలో (ఎంత పెద్దది చేసినా మసకబారని బొమ్మ ఫార్మాట్) ఉంచుకుంటే విజిటింగ్ కార్డుకైనా ఫ్లెక్సీకైనా గీత చెదరదు.