కౌబాయ్ టోపీకి ఆ సొట్టలు ఎలా వచ్చాయి?

ప్రశ్న: అమెరికా కౌబాయ్ టోపీని మొదట తయారు చేసింది ఎవరు? నెత్తిన ఆ సొట్టలు, పక్కలకు పైకి వంగిన అంచు దేనికి? దాని మీద మోజు ఇంకా తగ్గకపోవడానికి కారణమేమిటి?

జవాబు: ఈ టోపీ పేరెత్తగానే చెప్పుకోవలసిన మనిషి జాన్ బి. స్టెట్సన్. న్యూజెర్సీలో టోపీలు చేసే కుటుంబంలో 1830లో పుట్టిన ఆయన, ఆరోగ్యం దెబ్బతిని పశ్చిమ ప్రాంతాలకు వెళ్లి, అక్కడి ఎండావానలను స్వయంగా అనుభవించి వచ్చి, 1865లో ఫిలడెల్ఫియాలో సొంత వ్యాపారం ప్రారంభించారు. ఆయన అమ్మిన ‘బాస్ ఆఫ్ ది ప్లెయిన్స్’ టోపీకి గుండ్రని నెత్తి, చుట్టూ బల్లపరుపు అంచు ఉండేవి. సొట్ట ఒక్కటీ లేదు. మెక్సికో పశువుల కాపరులు అంతకుముందే వెడల్పు అంచు ఉన్న ‘సోంబ్రెరో’ టోపీలు ధరించేవారు కనుక, ఆ అంచును కనిపెట్టిన ఘనత స్టెట్సన్‌కు కట్టబెట్టడం న్యాయం కాదు. ఆయన ప్రతిభ మేలైన ఫెల్ట్‌తో తేలికైన, గట్టి టోపీ చేయడంలో ఉంది.

ఫెల్ట్‌కు నేత లేదు. బీవర్, కుందేలు వంటి జంతువుల మెత్తని బొచ్చును వేడినీటిలో తడుపుతూ, ఒత్తుతూ పదేపదే నలిపితే, పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, బాగా కుంచించుకుని, దట్టమైన ఒకే ముక్కగా మారతాయి. దానిలోకి వాన నీరు త్వరగా ఇంకదు. ఆవిరి తగిలితే మెత్తబడుతుంది, ఆరాక ఇచ్చిన ఆకారంలోనే నిలుస్తుంది. అయితే ఈ బొచ్చును సిద్ధం చేయడానికి వాడిన పాదరసం ఎందరో కార్మికుల నరాలను దెబ్బతీసిందని, అమెరికాలో దాని వాడకం 1941లో గానీ ఆగలేదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక సొట్టల సంగతి. తీసేటప్పుడు, పెట్టుకునేటప్పుడు నెత్తి ముందుభాగాన్ని వేళ్లతో పట్టుకోవడం వల్ల అక్కడ నొక్కులు పడ్డాయి. తర్వాత జనం కావాలనే ఆవిరి పట్టి తమకు నచ్చినట్టు మలచుకున్నారు. నడుమ ఒక పొడవాటి గాడి, దానికి అటూఇటూ రెండు నొక్కులు ఉంటే అది ‘క్యాటిల్‌మ్యాన్’ తీరు. నాలుగువైపులా నొక్కి కొనదేర్చితే ‘మోంటానా పీక్’. పక్కల అంచు పైకి మడిస్తే పశువులను పట్టడానికి తాడు విసిరేటప్పుడు అడ్డు రాదు.

నా దృష్టిలో దాని ఆకర్షణ ఇక్కడే ఉంది: దుకాణంలో కొన్న వస్తువుకు చివరి రూపం ఇచ్చింది తొడుక్కున్న మనిషే. సినిమాలు దానికి పేరు తెచ్చాయి గానీ, రూపం మాత్రం పనిలోనే కుదిరింది. అందుకే దాన్ని వాడేవారు నేటికీ బల్ల మీద నెత్తి కిందికి వచ్చేలా వెల్లకిలా పెడతారు. బోర్లిస్తే బరువంతా అంచు మీద పడి, కుదిరిన వంపు చెడుతుంది.