పాత హాలు చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

అమ్మాయీ,

మన టౌన్‌లో పాత సినిమా హాలును బాగుచేయించి నాటకాలకు తెరుస్తున్నారనీ, దాని చరిత్ర నిన్ను రాయమన్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఆ హాల్లో పదకొండేళ్లు బుకింగ్‌లో కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

నాటక పోటీలకని ఒకసారి సిమ్లా వెళ్లి గెయిటీ థియేటర్ చూశాను. మద్రాసు హైకోర్టు, మైసూరు ప్యాలెస్‌లకు పనిచేసిన హెన్రీ ఇర్విన్ డిజైన్ అది. 1887 మే 30న తెరిచారు. అప్పుడది ఐదంతస్తుల టౌన్‌హాల్లో ఒక భాగం మాత్రమే; బాల్‌రూమ్, ఆయుధాల గది, పోలీస్ స్టేషన్ అన్నీ అందులోనే ఉండేవి. ఆ కట్టడం అంత ఎత్తు నిలవదని 1911 ప్రాంతంలో పై అంతస్తులు తీసేశారు. బాగుచేసి 2009లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు చూస్తే మొదట్నుంచీ అంతే ఉందనిపిస్తుంది. పోయిన అంతస్తుల సంగతి తెలిశాకే నాకు ఆ భవనం అర్థమైంది. తెల్లదొరల నాటకాల కోసం మొదలైన ఆ వేదిక మీద ఇంగ్లిష్ రచయిత కిప్లింగ్ వేషం కట్టాడు. తర్వాత నటుడు పృథ్వీరాజ్ కపూర్, గాయకుడు సైగల్ ఎక్కారు. ఎవరి కోసం కట్టారు, ఎవరు వచ్చి చేరారు అన్నదే నాకు ఆ హాలు కథ.

అందుకని మన హాల్లో ఏం మిగిలిందో దానితో పాటు ఏం పోయిందో కూడా రాయి. నేల క్లాసు, బెంచీ, కుర్చీ, బాల్కనీ ఎక్కడెక్కడ ఉండేవో గీసి చూపించు. ఆడవాళ్లకు పక్కన వేరే గేటు ఉండేది; రిపేర్‌లో దాన్ని మూసేశారట. అది తప్పకుండా రాయాలి తల్లీ. మీ అమ్మమ్మ ఆ గేటు నుంచే వెళ్లేది.

తేదీల విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. వెనక ఒక సావనీర్‌కి రాస్తూ గోడ మీద రాయి చూసి సంవత్సరం వేసేశాను. అది శంకుస్థాపన తేదీ. సినిమా ఆడింది ఆ తర్వాత రెండేళ్లకి. హాల్లో సినిమా ఆడించడానికి ఇచ్చే బీ-ఫారం లైసెన్స్ చూసి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. కాబట్టి లైసెన్సులు, కరెంటు కనెక్షన్ కాగితాలు, మున్సిపాలిటీ రికార్డులు అడుగు. డీసీఆర్ పుస్తకాలు, అంటే రోజువారీ వసూళ్ల లెక్కలు, దొరికితే వదలకు. ఏ ఆటకు ఏ క్లాసులో ఎన్ని టికెట్లు తెగాయో అందులో ఉంటుంది. పండగ రోజు నేల క్లాసు నిండి బాల్కనీ ఖాళీగా ఉందంటే ఊరి సంగతి చాలా తెలుస్తుంది.

ఓనర్ల వంశం గురించి ఒక పేరా చాలు. గేట్‌కీపర్లను, సోడాలమ్మినావిడను, పోస్టర్లు అంటించినాయనను కలువు. ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ చెప్పలేరు. అప్పుడు ఏ సినిమా ఆడుతోందని అడుగు, వెంటనే చెప్తారు. రిలీజ్ తేదీ చూస్తే సంవత్సరం తేలుతుంది. కాకపోతే మన టౌన్‌కి ప్రింట్ ఆలస్యంగా వచ్చేది, అది గుర్తుంచుకో.

అందరికంటే ముందు మా ఆపరేటర్ దగ్గరికి వెళ్లు. ప్రొజెక్టర్‌లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు సరిచేస్తూ, రీలు అయిపోతోందని తెర కుడి పై మూల చుక్క పడగానే రెండో ప్రొజెక్టర్‌కి మార్చేవాడు. ఇప్పుడు ప్రొజెక్టర్ కేబిన్ మెట్లు ఎక్కలేడు. ఇద్దరు కుర్రాళ్లను తోడు పెట్టి కుర్చీలో మోయించు. సాయంత్రం పూట అయితే ఓపికగా ఉంటాడు. నేను పంపానని చెప్పు.

మీ మామయ్య